పదకొండో నంబరు పొట్లం

కడగడమే పని

కిందటేడు నేను రిటైరయ్యాక నా చోట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ పాసయిన పిల్ల. లాబ్ తాళాలు చేతికిస్తుంటే, "ఇక్కడ మనకి పనేముంటుందండీ, గాజు సామాను కడగడమేగా?" అని అడిగింది. అవునమ్మా, కడగడమే, అన్నాను. అందులో అబద్ధం లేదు. భవానీపురంలో ఒక ఎయిడెడ్ ఆడపిల్లల స్కూల్లో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే ఆవరణలో ఉన్న స్కూలు అది, ఇరవై తొమ్మిదేళ్ళు నేను చేసింది కడగడమే. కానీ ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళిపోయాక, చెప్పాల్సింది చాలా మిగిలిపోయిందనిపించింది. ఆమెకీ, ఆమెలాగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకీ ఇది రాస్తున్నాను.

నా పేరు దానమ్మ. చదివింది ఐదో తరగతి. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో అంతవరకే బడి. తర్వాత చెరుకు తోటల్లో పనికి వెళ్ళాను. పెళ్ళయి విజయవాడ వచ్చాక చర్చిలో తెలిసినవాళ్ళు చెబితే ఈ స్కూల్లో ఊడ్చే పనిలో చేరాను. రెండేళ్ళకి లాబ్‌లోకి మార్చారు. పిల్లలు నన్ను ఆయమ్మా అనేవాళ్ళు. ఎప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు పర్మనెంటు చేశారు, ఆ కాగితాల గొడవ ఎవరికీ పనికిరాదు, అది వదిలేస్తాను.

ముందు పనికొచ్చే నాలుగు మాటలు. టెస్ట్ ట్యూబ్ కడిగి బోర్లిస్తే లోపల నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడితే అది కడిగినట్టు కాదు. పల్చటి పొరలాగా జారిపోవాలి. ఆసిడ్‌ని నీళ్ళలో పోయాలి గానీ నీళ్ళని ఆసిడ్‌లో పోయకూడదు. బర్నర్ దగ్గర నైలాన్ చీర కట్టవద్దు, కొంగు బొడ్డులో దోపుకోవాలి. ఆసిడ్ చుక్క పడ్డ చీర ఆ రోజు బాగానే ఉంటుంది. ఉతికినప్పుడు కన్నం బయటపడుతుంది. నా తప్పులు కూడా అలాగే బయటపడ్డాయి. పడ్డ రోజు కాదు, తర్వాత.

మాస్టారు

నేను లాబ్‌లోకి మారినప్పుడు అది సత్యం మాస్టారిది. కెమిస్ట్రీ చెప్పేవారు. సన్నగా, చేతుల మీద మచ్చలతో ఉండేవారు. ఆయన కోపం చాలా చెడ్డది. చేరిన వారంలోనే ఒక సీసా మీది చీటీ తడిసి ఊడిపోతే, నేను పక్క సీసాని చూసి అదే చీటీ రాయించి అంటించాను. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి మరి. ఆయన ఆ సీసా తీసుకెళ్ళి నా ముందే సింకులో ఒంపేశారు.

"అయ్యో, సగం సీసా అండీ," అన్నాను.

"అది ఏదో నీకు తెలుసా?"

"తెలీదండి."

"నాకూ తెలీదు. తెలియనిది లాబ్‌లో ఉండకూడదు."

నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో చారు మిగిలితే రాత్రికి ఉంచేదాన్ని, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కకి పోసేదాన్ని. ఈయన పెద్ద ఇంట్లో పుట్టాడు, పారబోయడం చేతనవును, అనుకున్నాను. ఆయన పెట్టిన ఇంకో నియమం కూడా నాకు అలాగే తోచింది: సీసాలోంచి చెంచాతో బయటికి తీసిన ఉప్పు, వాడకుండా మిగిలినా సరే, మళ్ళీ సీసాలో పోయకూడదు. ఇక్కడ ఉప్పు అంటే కూరలో వేసేది కాదు. లాబ్‌లో వాడే పొడులన్నిటినీ అలాగే అంటారు, పిల్లలు సాల్ట్ అంటారు.

ఆయనే నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పారు. పుస్తకంతో కాదు, సీసాలతో. బి ఎక్కడుందో చూపించు, ఎస్ ఎక్కడుందో చూపించు, అని. ఆరు నెలల్లో నలభై సీసాల పేర్లు కూడబలుక్కుని చదివేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంటర్ పిల్లలు వెళ్ళిపోయాక సింకు తోముతున్నాను. ఆయన ఒక ట్యూబ్ నా చేతికిచ్చి, పంపు కింద పట్టి చల్లార్చమన్నారు. వేడివేడి నీళ్ళు, రంగేమీ లేదు. పంపు కింద తిప్పుతుంటే లోపల ఏదో మెరిసింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగా ట్యూబ్ నిండా బంగారం రేకులు. పుట్టుకొస్తున్నాయి, తిరుగుతున్నాయి, నెమ్మదిగా కిందికి దిగుతున్నాయి. నేను కంసాలి కొట్టు ముందు కూడా ఎప్పుడూ అలా నిలబడిపోలేదు.

"ఇది బంగారమా అండీ?"

"సీసం. తూటాల్లో వాడేది. కనిపించిందా?"

"కనిపించిందండి."

"అయితే ఇక నుంచి కడిగేముందు లోపలేముందో చూడు."

అంతే చెప్పారు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, పొద్దుటినుంచి అన్నం తిన్నావా, అని అడిగాడు. ఆయన తప్పు కాదు. చూడనివాళ్ళకి చెప్పలేం.

ఆరు నుంచి ఇంటర్ దాకా

పిల్లల చదువు ఎక్కడిదాకా వచ్చిందో నాకు మార్కుల కాగితం చూస్తే తెలియదు. చేతులు చూస్తే తెలుస్తుంది.

ఆరో తరగతి పిల్లలు లాబ్‌లోకి వరసగా వస్తారు, చేతులు వెనక్కి కట్టుకుని. ముట్టుకుంటే పేలుతుందని ఎవరో చెప్పి ఉంటారు. పసుపు రాసిన కాగితం మీద సబ్బు నీళ్ళు వేస్తే ఎర్రగా మారుతుంది. ఇంట్లో పసుపు చీర మీద సబ్బు పడితే జరిగేదే అది. అయినా ఒక పిల్ల కెవ్వుమంటుంది, ఇంకో పిల్ల ఆ కాగితాన్ని పుస్తకంలో దాచుకుంటుంది. ఆ వయసులో ట్యూబ్‌ని పిడికిలితో పట్టుకుంటారు, ఐస్‌ఫ్రూట్ పుల్లలాగా.

ఎనిమిదికి వచ్చేసరికి రెండు వేళ్ళతో పట్టుకుంటారు. జింకు ముక్క మీద ఆసిడ్ పోసి, వచ్చే గాలి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్‌మని పేలుతుంది. మొదటిసారి అందరూ వెనక్కి గెంతుతారు. రెండోసారి ఒక్క పిల్ల ముందుకి వంగుతుంది. ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి. తొమ్మిదిలో భయం పోతుంది, సామాను పగులుతుంది. నేను బాగా తిట్టేది తొమ్మిదో తరగతినే.

పదో తరగతి వచ్చిందంటే లాబ్ తలుపుకి తాళం. పబ్లిక్ పరీక్షలంట, టైము లేదంట. చేతులు అప్పుడే కుదురుకున్న పిల్లలని తీసుకెళ్ళి బెంచీల మీద కూర్చోబెట్టి బిట్లు కంఠతా పట్టిస్తారు. ఇది నాకు ఎప్పుడూ నచ్చలేదు, పెద్దవాళ్ళ ముందు అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ఇంటర్లో చేరేసరికి సగం మంది చేతులు మళ్ళీ ఆరో తరగతికి వెళ్ళిపోయి ఉంటాయి. రికార్డు పుస్తకాలు కిందటేడు వాళ్ళవి చూసి రాస్తారు. చేయని ప్రయోగానికి బొమ్మ మాత్రం స్కేలు పెట్టి గీస్తారు.

అయినా చూడండి, రెండో ఏడాదిలో సాల్ట్ ఎనాలిసిస్ మొదలవుతుంది. ఒక పొట్లంలో తెల్లటి పొడి ఇస్తారు. పేరుండదు, నంబరే. అదేంటో పిల్లే కనుక్కోవాలి. వాసన చూస్తుంది, వేడి చేస్తుంది, ఆసిడ్ పోస్తుంది, మంటలో పెడుతుంది. ఇది కాదు, ఇది కాదు, ఇదీ కాదు, అనుకుంటూ ఒక్కొక్క తలుపూ మూస్తూ పోతే చివరికి ఒక్క తలుపు మిగులుతుంది. పద్దెనిమిదేళ్ళు కూడా నిండని పిల్ల, కంటికి కనపడని దాని పేరు చెప్పేస్తుంది. నేను కొన్ని వందలసార్లు చూశాను. ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు కలిగేదే ఇక్కడ కళ్ళు తెరుచుకుని కలిగేది.

మిగిలిన ఉప్పు

మాస్టారు రిటైరయ్యాక విజయ మేడమ్ వచ్చారు. మంచి మనిషి. పాఠం బాగా చెప్పేవారు. పిల్లలు ఫెయిలవుతారేమోనని ఆవిడకి భయం ఎక్కువ. ఆ భయంలోంచే ఒక అలవాటు వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షకి బయటి కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వస్తారు, ఎక్స్‌టర్నల్ అంటారు. ఆయన ముందు పిల్లలకి పొట్లాలు పంచేది నేను. పంచేటప్పుడు పిల్ల చెవిలో ఒక్క మాట వేసేదాన్ని: "జింక్." "కాల్షియం." మేడమ్ నోటితో చెప్పమనలేదు. నంబర్ల జాబితా నా బల్ల మీద పెట్టి, "దానమ్మా, పిల్లలు కంగారు పడకుండా చూసుకో," అనేవారు. చాలా కాలేజీల్లో ఏదో ఒక రకంగా ఇదే జరుగుతుందని చెప్పుకునేవారు. నేను దయ అనుకున్నాను. పేరు ముందే తెలిస్తే పిల్ల ట్యూబ్‌లో ఏమీ చూడదని తెలిసి కూడా దయే అనుకున్నాను.

రెండో సంగతి నా సొంతం, మేడమ్‌కి సంబంధం లేదు. మాస్టారు రిటైరవగానే మిగిలిన ఉప్పుల్ని సీసాల్లోకి తిరిగి పోయడం మొదలుపెట్టాను. ప్రాక్టీసు అయ్యాక పిల్లలు పొట్లాలు ట్రేలో పడేసి వెళ్ళేవాళ్ళు, సగానికి సగం వాడనివే. నంబరు చూసి ఏ సీసాది ఆ సీసాలో పోసేదాన్ని. ఫిల్టరు కాగితాలు కడిగి ఆరబెట్టి బల్లలు తుడవడానికి వాడేదాన్ని. మేడమ్ కొత్త సీసాలు తెప్పిస్తే సీల్ తీయకుండా బీరువాలో పెట్టి, పాతవి అడుగంటేదాకా తెరవనిచ్చేదాన్ని కాదు. ఈ లాబ్ ఇంత పొదుపుగా నడుస్తోందంటే దానమ్మ వల్లే, అని హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకసారి అందరి ముందూ అన్నారు. ఆ మాట చాలాకాలం నన్ను ఎవరి మాటా విననివ్వలేదు.

ఒక ఏడాది పరీక్షలకి వారం ముందు, ఆఖరి ప్రాక్టీసు రోజు. పదకొండో నంబరు స్ట్రాన్షియం కార్బొనేట్. పన్నెండు బేరియం కార్బొనేట్. రెండూ తెల్లటి పొడులే, పక్కపక్కన పెడితే నాకే కాదు, ఎవరికీ తేడా తెలియదు. మంటలో పెడితేనే తెలుస్తుంది. పదకొండు ఎర్రగా మండుతుంది, పన్నెండు పచ్చగా. ట్రేలో ఒక పెద్ద పొట్లం మీద నీళ్ళు పడి నంబరు అలికిపోయింది. పదకొండులాగా ఉంది, పన్నెండులాగా కూడా ఉంది. పారేయొచ్చు. చేయి రాలేదు. పదకొండే అయ్యుంటుందిలే అని ఆ సీసాలో పోశాను. అప్పటికే సీసా అడుగుకి వచ్చేసింది, మహా అయితే నాలుగు చెంచాలుంటుంది. పోసి, మూత పెట్టి, బాగా కలిసేలా ఊపాను కూడా.

కెజియా

ఆ బ్యాచ్‌లో కెజియా అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల గోడౌన్లో చీరలు మడతలు పెట్టే పని చేసేది. మా చర్చికే వచ్చేవాళ్ళు కాబట్టి ఇంటి సంగతి నాకు తెలుసు. పిల్ల ఇంటర్ ఒక్కసారిలో పాసయితే డిగ్రీ. ఒక్క సబ్జెక్టు తప్పినా అదే గోడౌన్ పక్క కొట్లో బిల్లులు రాయడానికి మాట్లాడి పెట్టారు. సప్లిమెంటరీ, మళ్ళీ ఫీజు, అవన్నీ వాళ్ళమ్మ పెట్టుకోలేనని తేల్చి చెప్పేసింది.

కెజియాకి తెలివి లేక కాదు, చేతులు నిదానం. అందరూ ట్యూబులు అప్పజెప్పి వెళ్ళిపోయాక కూడా ఆ పిల్ల బర్నర్ దగ్గరే ఉండేది.

"ఏమే, ఆ గ్యాస్ మీ నాన్న కంపెనీదా?" అనేదాన్ని.

"ఒక్క నిమిషం ఆయమ్మా, ఇంకా మారుతోంది."

"మారింది చాలు. రాసుకుని బయల్దేరు. నాకూ ఇల్లుంది."

"నువ్వెళ్ళు ఆయమ్మా, నేను తాళం వేసొస్తా."

"తాళం నీ చేతికిస్తే సోమవారం దాకా ఇక్కడే ఉంటావ్."

నవ్వేది. కదిలేది కాదు. ఎనిమిదో తరగతిలో టప్‌మన్నప్పుడు ముందుకి వంగిన పిల్ల ఆ పిల్లే.

పరీక్ష రోజు వచ్చిన ఎక్స్‌టర్నల్ పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాతో, ఎక్కువ మాట్లాడని మనిషి. కాఫీ వద్దన్నారు, అప్పుడే మేడమ్ ముఖం మాడింది. పదకొండో నంబరు పొట్లం నలుగురికి వచ్చింది. నలుగురి చెవిలోనూ "స్ట్రాన్షియం" అన్నాను. కెజియా చెవిలో కూడా. విన్నట్టు తలూపింది.

ముందు టైట్రేషన్, బ్యూరెట్ అనే సన్న గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా వదిలి కొలిచే పని. కెజియాకి వచ్చిన బ్యూరెట్ అడుగున కారుతోంది. అదీ నా చలవే, పాత బ్యూరెట్‌కి దారం చుట్టి వాడుతున్నాం. లెక్క పాడైంది, ఆ మార్కులు చాలావరకు పోయినట్టే. ఇక సాల్టులో పేరు తప్పిందంటే పరీక్ష పోతుంది. ఈ సంగతి మేడమ్‌కి తెలుసు, నాకు తెలుసు, కెజియాకీ తెలుసు.

తక్కిన ముగ్గురూ తీగని పొడిలో ముంచి మంటలో పెట్టారు, ఎర్రగా రాగానే తీసేశారు, రాసేశారు. కెజియా తీయలేదు. ఎర్రదనం తగ్గిపోయాక కూడా తీగని మంటలోనే ఉంచింది. తర్వాత తీగ కడిగి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ కడిగింది. నేను దూరం నుంచి కళ్ళతో సైగ చేస్తున్నాను, చాలు, రాసెయ్, అని. ఆ పిల్ల నా వైపు చూడటం మానేసింది.

వైవాకి, అంటే నోటి పరీక్షకి, కెజియాని పిలిచారు. ఆయన కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"రెండు పేర్లు రాశావేంటమ్మా?"

"రెండూ ఉన్నాయండి."

"మీకిచ్చేది సింపుల్ సాల్ట్. లోహం ఒక్కటే ఉంటుంది. సిలబస్ చదవలేదా?"

"చదివానండి."

"మరి? రెండూ రాస్తే ఏదో ఒకటి తగులుతుందనా?"

"కాదండి. ముందు ఎర్రగా వచ్చిందండి. తర్వాత పచ్చగా వచ్చింది. ట్యూబ్‌లో పసుపుపచ్చ కూడా దిగింది. అది బేరియం ఉంటేనే దిగుతుందండి."

"తీగ సరిగ్గా కడగలేదు. ముందు వాడినవాళ్ళది అంటుకుని ఉంటుంది."

"మూడుసార్లు కడిగానండి."

"ఒక్క పేరు చెప్పు. ఇప్పుడైనా దిద్దుకో, రాసుకుంటాను."

ఇది ఆయన మంచితనమే. ఆ పిల్ల నోటి వెంట ఒక్క మాట వస్తే చాలు, గట్టెక్కుతుంది. ఆ మాట నేను పొద్దున్నే చెవిలో వేసి ఉన్నాను. కెజియా మాత్రం "నాకు రెండు కనిపించాయండి," అంది.

ఆయన ఎర్ర పెన్ను తీసి ఆ రెండు పేర్ల మీదా అడ్డంగా గీత గీశారు.

అప్పుడు నాకు అలికిపోయిన నంబరు గుర్తొచ్చింది. అంతవరకు రాలేదు, నిజం. పచ్చగా వచ్చిందండి అన్న మాట చెవిన పడ్డాక కూడా రాలేదు. ఆ గీత చూశాక వచ్చింది. నేను ఆ సీసాలో ఏం చేశానో భూమ్మీద ఎవరికీ తెలియదు. పుస్తకంలో లేదు, జాబితాలో లేదు. తెలుసుకున్నది ఆ పిల్ల ఒక్కతే. నన్ను అడిగి కాదు, మంటని అడిగి.

మేడమ్ నా ముఖం చూసి ఏదో పసిగట్టారు. "దానమ్మా, నువ్వెళ్ళి బయట సింకు చూసుకో," అన్నారు మెల్లగా.

వెళ్ళాలనే అనుకున్నాను. నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది, పెన్షనుంది. రెండడుగులు గుమ్మం వైపు వేశాను కూడా. తర్వాత వెనక్కి వచ్చి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"అయ్యా, ఆ పిల్ల చూసింది నిజమండి. తప్పు నాది."

"నీకు కెమిస్ట్రీ ఏం తెలుసమ్మా?"

"కెమిస్ట్రీ తెలీదండి. సీసాలో ఏం పోశానో తెలుసు."

అలికిపోయిన నంబరు సంగతంతా చెప్పాను, లాబ్‌లో ఇరవై మంది పిల్లలు వింటుండగానే. ఆయన లేచి పదకొండో సీసా తెమ్మన్నారు. తీగ తానే కడిగారు. మంటలో పెట్టారు. ఎర్రగా మండింది. మండి, తగ్గింది.

"ఎర్రగానే ఉంది," అని తీయబోయారు.

"తీయకండి సార్," అంది కెజియా. "ఇంకాస్త ఉంచండి."

ఆయన ఉంచారు. మంట మామూలు మంటలాగే ఉంది కాసేపు. తర్వాత తీగ చివర, లేత అరిటాకు మీద ఎండ పడితే ఉండే పచ్చదనం, సన్నగా లేచింది. లేచి నిలబడింది. ఎర్రదనం పోయేదాకా అది ఎర్రదనం చాటునే ఉంది. ఓపిక పట్టినవాళ్ళకే కనిపించింది.

ఆయన బర్నర్ కట్టేసి కూర్చుని, తన గీతని తానే కొట్టేసి పక్కన సంతకం పెట్టి, మార్కులు వేశారు. కాగితం మడతపెట్టి, "వెళ్ళమ్మా. ఇంకోసారి నీ చేత్తో చేసింది ఎవరైనా కాదంటే, వాళ్ళని మంట దగ్గరికి పిలువు," అన్నారు. కెజియా అలాగేనండి అని, వెళ్ళకుండా తన ట్యూబులు తానే కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత గంట

ఆయన తక్కిన ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పరిచారు. ముగ్గురివీ ఒకే మాట, ఒకే వరస.

"అదే సీసా, అదే పొడి. వీళ్ళ కళ్ళకి పచ్చ ఎందుకు కనపడలేదు?" అన్నారు. మేడమ్ కిటికీ వైపు చూస్తున్నారు.

"నేనే చెప్పానండి వాళ్ళకి," అన్నాను. "పొట్లం ఇస్తూ పేరు చెప్పాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"నోరు నాదండి."

ఆయన ఆ కాగితాలు పక్కకి జరిపారు. తర్వాత బీరువా తాళం అడిగారు. నేను దాచిపెట్టిన సీల్ సీసాలు ఆయనే తీసి, మా అందరికీ వీపు పెట్టి నిలబడి, మూడు పొట్లాలు కట్టారు. నంబర్లు వేయలేదు. ముగ్గురినీ పిలిచి, "గంట టైము. మొదటినుంచి చేయండి," అన్నారు.

నాకు మెమో వచ్చింది. విజయ మేడమ్ నాతో నెల రోజులు మాట్లాడలేదు, తర్వాతి ఏడాది నుంచి నా బల్ల మీద జాబితా పెట్టడం మానేశారు. కెజియా పాసయింది, డిగ్రీలో చేరిందని వాళ్ళమ్మ చర్చిలో చెప్పింది. మళ్ళీ నేను పొట్లం ఇస్తూ పెదవి కదపలేదు, మిగిలినదేదీ సీసాలో పోయలేదు. మొదటి ఏడాది పారబోసేటప్పుడు ప్రతిసారీ చేయి ఆగేది. తర్వాత ఆగలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: పొదుపు మంచిదే, దాన్ని గ్యాస్ దగ్గర, కాగితం దగ్గర, మీ ఇంటి దగ్గర చేయండి. పిల్ల చూడబోయేదాన్ని మాత్రం ముట్టుకోకండి.

కానీ ఆ గంట గురించి చెప్పాలి. ముగ్గురిలో లావణ్య అనే పిల్ల ముందు ఏడ్చింది. రెండేళ్ళలో ఒక్క సాల్టూ సొంతంగా కనుక్కోని పిల్ల అది. నేను ట్యూబులు ఇవ్వడానికి వెళితే నా కొంగు పట్టుకుంది.

"ఆయమ్మా, ఇదేంటి?"

"తెలీదే."

"నిజం చెప్పు ఆయమ్మా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"నిజంగా తెలీదు. నాకూ చూపించలేదు. నువ్వే చూడు."

ముక్కు తుడుచుకుని కాస్త పొడి ట్యూబ్‌లో వేసి మంట మీద పెట్టింది. పిడికిలితో పట్టుకుంది. కాసేపటికి వేడెక్కి, పట్టు మార్చుకుంది. తెల్లటి పొడి నెమ్మదిగా పసుపు రంగు తిరిగింది. లావణ్య గబగబా 'పసుపు' అని రాయడానికి ట్యూబ్‌ని స్టాండులో పెట్టింది. రాసి తల ఎత్తేసరికి పొడి మళ్ళీ తెల్లగా ఉంది. పిల్ల బిత్తరపోయింది. మళ్ళీ వేడి చేసింది, పసుపు. మళ్ళీ చల్లార్చింది, తెలుపు. మూడోసారి చేసేటప్పటికి ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో తనకే తెలియదు. ముఖం ట్యూబ్‌కి జానెడు దూరంలో ఉంది.

పసుపు రాగానే నాకు తెలిసిపోయింది అదేంటో. వేడిలో పసుపు, చల్లారితే తెలుపు, మా సీసాల్లో అది ఒక్కదానికే ఉన్న గుణం. పేరు నాలుక చివరికి వచ్చింది. మాట బయటికి రాకుండా పళ్ళు బిగించాను. ఆ పిల్ల వెనక్కి వెళ్ళింది, తప్పు దారి పట్టింది, ఒక ట్యూబ్ పగలగొట్టింది, పుస్తకంలో వరస మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. ఇరవై నిమిషాలు పట్టింది. నేను అక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కడగడం, మోయడం, తోమడం ఏదీ నాకు అంత కష్టం కాలేదు, ఆ ఇరవై నిమిషాలు నోరు మూసుకుని ఉండటమే కష్టమైంది.

చివరికి లావణ్య పెన్ను తీసి, జింక్ అని రాసింది. నన్ను అడగలేదు.